నా గొంతు నేను వెనక్కి తీసుకున్న సీజను

ఈమధ్య మా సందులోని ఆడపిల్లలు ఇద్దరు వచ్చి నన్నొక మాట అడిగారు. కంపెనీలు మనుషుల బదులు కంప్యూటరు గొంతుతో ఫోన్లు చేయిస్తున్నాయి కదా, అది చట్టప్రకారం చెల్లుతుందా అని. వాళ్ళకు అలాంటి చోటే ఉద్యోగం వచ్చిందట. చెల్లుతుంది, దానికో పద్ధతి ఉంది, ఆ పద్ధతి నాకు కొంత తెలుసు అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. బడి మెట్టు ఎక్కని మనిషికి ఈ సంగతి ఎట్లా తెలుసని ఆ నవ్వు. తప్పు లేదు. నాకు తెలిసింది చదివి కాదు. నా గొంతుతోనే ఆ ఫోన్లు చేయించారు. కాగితం మీద సంతకం పెట్టింది నేను. అందులో జరిగిన తప్పు కూడా నాదే. ఆ పిల్లలకు నిలబడి చెప్పడానికి వీలుకాలేదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

నాకు అక్షరాలు ఇంట్లోనే వచ్చాయి. మా నాన్న భజనలు చెప్పే మనిషి. పొద్దున దీపం పెట్టాక పలక ముందేసుకుని కూర్చోబెట్టేవాడు. ‘పైకి చదువు, దేవుడికి వినబడాలె’ అనేవాడు. అట్లా పైకి చదివి చదివి గొంతు ఒక దారికి వచ్చింది. సర్టిఫికెట్ ఒక్కటీ లేదు గాని ఆ గొంతు నాకు అన్నం పెట్టింది. భగవంతుడు ఏ చేత్తో ఏమిస్తాడో మనకు తెలియదు.

పెళ్ళయిన రెండో ఏడే మా ఆయన గల్ఫ్ పోయాడు. మా ఆర్మూర్‌లో ఇంటికొకరు పోయిన కాలం అది. అప్పుడు చేతిలో ఫోన్లు లేవు. టేపురికార్డరు ముందు కూర్చుని క్యాసెట్ నింపి, ఆ దేశం పోయే వాళ్ళెవరి చేతికైనా ఇచ్చి పంపేవాళ్ళం. నేను ‘తిన్నవా?’ అని అడిగి కాసేపు ఆగేదాన్ని. ‘పాణం బాగుందా?’ అని మళ్ళీ ఆగేదాన్ని. ఆ ఖాళీల్లో తను జవాబు చెప్పుకునేవాడినని ఆయన తరవాత చెప్పాడు. గదిలో తోటివాళ్ళు నవ్వినా చెప్పేవాడట. ఆయన తిరిగొచ్చాక మూడేళ్ళే ఉన్నాడు. మాకు పిల్లలు లేరు.

ఆయన పోయాక హైవే పక్కనున్న ఒక పసుపు కంపెనీలో కొమ్ములు ఏరే పనికి చేరాను. రైతుల దగ్గర పసుపు కొని, పాలిష్ పట్టించి బయటికి పంపే కంపెనీ. ఒకరోజు ఫోన్లు చేసే మనిషి రాకపోతే సేటు గోదాంలోకి వచ్చి, ‘మీలో ఎవలకన్న మంచిగ మాట్లాడొస్తదా?’ అని అడిగాడు. ఆడవాళ్ళందరూ నన్ను ముందుకు తోశారు. ఆ తోపు నన్ను పద్నాలుగేళ్ళు ఒక కుర్చీలో కూర్చోబెట్టింది. వాళ్ళకు ఈనాటికీ దండం పెట్టుకుంటాను.

పని పెద్దదేమీ కాదు. ముప్ఫై ఊళ్ళ పసుపు రైతుల పేర్లు ఒక రిజిస్టరులో ఉండేవి. తవ్వే రోజుల నుంచి అమ్మే రోజుల దాకా వాళ్ళకు ఫోన్లు చేయాలి. ఉడకబెట్టే బాయిలరు మీ ఊరికి ఫలానా రోజు వస్తుంది, రేటు ఇట్లా ఉంది, మబ్బు పడుతుందంటున్నారు, టార్పాలిన్లు కావాలా? కావాలంటే నేను చీటీ రాసి గుమాస్తాకిస్తే ఆయన ట్రాలీలో పంపేవాడు. ఉడికించిన పసుపు కల్లంలో పది పదిహేను రోజులు ఎండాలి. అప్పుడు వాన పడిందంటే కొమ్ము నల్లబడుతుంది, బూజు పడుతుంది. తొమ్మిది నెలల పంట ఒక్క సాయంత్రంలో పోతుంది. అందుకని అందరికంటే నా ఫోను కోసం ఎదురుచూసేవాళ్ళు. నా పేరు ఎవరికీ తెలియదు. ‘ఫోనక్క’ అనేవాళ్ళు. నా మొహం కూడా చాలామందికి తెలియదు.

నేను మాట్లాడే తీరు ఒకటుండేది. ముందు ‘బాగున్నరా, పసుపు పనులు ఎట్ల నడుస్తున్నయి?’ అని అడిగి ఆగేదాన్ని. వాళ్ళు కోడలి కాన్పు నుంచి బర్రె ఈనేదాకా చెప్పేవాళ్ళు. వినేదాన్ని. తరవాత పని మాట. చివర ‘సరే, మంచిది, సంతోషం’ అని ఫోను పెట్టేసేదాన్ని. ‘సంతోషం’ అన్నానంటే మాట అయిపోయిందని, అడిగింది నేను చూసుకుంటానని వాళ్ళకు తెలుసు. నాకంటే ముందే కొందరు ఫోను పెట్టేసేవాళ్ళు. ఇది గుర్తుంచుకోండి.

నా చివరి సీజనుకు ముందు ఏడాది సేటు నన్ను పిలిచాడు.

‘అమ్మా, గదేందో కొత్త మిషన్ వచ్చింది. నీ గొంతు దానికి నేర్పితే నీ లెక్కనే మాట్లాడుతదట. ఒక్కసారే వెయ్యిమందికి ఫోన్ పోతది. నీకు గొంతు నొయ్యది.’

‘మరి నేనేం చెయ్యాలె సేటు?’

‘మిషన్‌తోని గాక మనిషితోనే మాట్లాడుతమన్నోళ్ళకు నువ్వు. నీ నౌకరి నీకుంటది, ఫికర్ చెయ్యకు.’

పక్కనే రశీదులు రాస్తున్న గుమాస్తా తలెత్తలేదు. ఆయనకు నాకు ఒక్కటే వయసుంటుంది గాని నన్ను ‘ఆపా’, అంటే అక్కా, అనేవాడు. ‘ఆపా, మిషన్‌కు నీ గొంతు ఇస్తున్నవు సరే. నీ దగ్గు గూడ ఇస్తవా? లేకపోతే ఎవ్వలు నమ్మరు.’ సేటు కూడా నవ్వాడు.

ఆ పని చట్టానికి తగ్గట్టు జరగాలని సేటు హైదరాబాద్ నుంచి ఒక వకీలమ్మను పిలిపించాడు. ఆ విషయంలో ఆయన జాగ్రత్త మనిషి. వకీలమ్మ నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. నా కూతురి వయసుంటుంది, నాకు కూతురుండి ఉంటే.

‘మీ గొంతు మీది. మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే వాడాలి. ఏ పనికి వాడతారో ఇందులో రాశాను, పసుపు రైతులకు చేసే ఫోన్లకు మాత్రమే. వేరే పనికి వాడితే అది తప్పు. రేపు మీకు వద్దనిపిస్తే వెనక్కి తీసుకోవచ్చు. ఇవ్వడం ఎంత సులువో తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి.’

తరవాత సేటు వైపు తిరిగింది. ఎవరికి ఫోను చేస్తున్నామో వాళ్ళు ముందు సరేనని ఉండాలి. ఇలాంటి ఫోన్లు వద్దని నమోదు చేసుకున్నవాళ్ళ జోలికి పోకూడదు. ఏ నంబరంటే ఆ నంబరు నుంచి కాదు, వీటికోసం కేటాయించిన నంబరు తీసుకుని కంపెనీ పేరు నమోదు చేయించాలి. పగటి పూటే చేయాలి. మాటలు రికార్డవుతుంటే ఆ సంగతి చెప్పాలి. మనిషి కావాలంటే మనిషి దొరకాలి.

‘అన్నిటికంటే ముందు, ఎత్తగానే మొదటి మాటగా ఇది యంత్రం గొంతని చెప్పాలి’ అంది.

‘గది చట్టంల రాసి ఉందా?’ అన్నాడు సేటు.

‘ఒక్క చోట ఒక్క వాక్యంగా ఉందా అని వెతకకండి. కొన్ని నియమాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. కానీ మనిషిని మోసపుచ్చకూడదన్నది ఎప్పటినుంచో ఉంది. మీరు ముందే చెప్పేస్తే ఏ కొత్త నియమం వచ్చినా మీకు భయం ఉండదు.’

నేను సంతకం పెట్టాను. మూడు రోజులు తలుపులు మూసిన గదిలో కూర్చుని మాటలు చదివాను. వాళ్ళిచ్చిన కాగితంలో మొదటి వాక్యం ఇది: ‘నమస్కారం. ఇది కంప్యూటరు మాట్లాడే గొంతు. ఈ కాల్ రికార్డవుతుంది.’ దాన్ని చదువుతుంటే నోరు రాలేదు. ఎవరింటికైనా పోయి, గడపలో నిలబడి, మంచీచెడ్డా అడగకుండా ‘నేను మనిషిని కాదు’ అంటామా? వకీలమ్మ హైదరాబాద్ వెళ్ళిపోయాక సేటుతో చెప్పాను. ముందు బాగున్నరా అని అడిగి, కాసేపు ఆగి, సరే సంతోషం అని, ఆ తరవాత ఈ మాట చెబితే మర్యాదగా ఉంటుంది కదా సేటు అని.

‘నీ రైతుల సంగతి నీకే తెలుసు’ అన్నాడు. మిషను పెట్టిన సాఫ్ట్‌వేర్ ఆయనకు ఫోను చేసి మార్పించాడు. వకీలమ్మకు చెప్పాలని ఆయనకు తోచలేదు. నాకూ తోచలేదు.

‘ఎంతసేపు ఆగాలి?’ అని సాఫ్ట్‌వేర్ ఆయన అడిగాడు. ‘వాళ్ళ మాట అయ్యేదాకా’ అన్నాను. క్యాసెట్ నింపిన ఆడదాన్ని. నాకు ఆగడం తెలుసు.

సీజను రాగానే మిషను మొదలయింది. వారానికొకసారి, ఒక పూట, అందరికీ నా గొంతు వెళ్ళేది. నేను నా గదిలో కూర్చునేదాన్ని. మనిషి కావాలంటే సున్నా నొక్కమని మిషను చెబుతుంది, నొక్కితే నా బల్ల మీది ఫోను మోగాలి. మొదటి వారం ఇద్దరు నొక్కారు. ఒకరు పొరపాటున. రెండో వారం ఎవరూ లేరు. అంతకుముందు మధ్యాహ్నానికి గొంతు ఎండిపోయి మంచినీళ్ళు తాగడానికి తీరేది కాదు. ఇప్పుడు బాటిల్ సాయంత్రానికి కూడా నిండుగానే ఉండేది. గోదాంలో ఏరే ఆడవాళ్ళ మాటలు కిటికీలోంచి వినబడేవి, నేను పోయి కూర్చుంటే ‘ఆఫీసామె వచ్చింది’ అని ఆపేసేవాళ్ళు. ఇంటికి పోయి దీపం పెట్టి పైకి చదువుకుంటుంటే, ఆ రోజు మొత్తానికి నా గొంతు నేను వినడం అదే మొదటిసారి అయ్యేది. అదే రోజు ముప్ఫై ఊళ్ళు నా గొంతు విన్నాయి.

సేటు మాత్రం ఖుషీగా ఉన్నాడు. కంప్యూటరులో చూపించేవాడు, దాదాపు అందరూ ఫోను ఎత్తుతున్నారు, మాట్లాడుతున్నారు కూడా. ‘చూసినవా, నీ మర్యాద పనిచేసింది’ అన్నాడు. నేను నమ్మాను. నమ్మి మనసులో కృతజ్ఞత చెప్పుకున్నాను కూడా.

మూడో వారం మిషను ఫోన్లు చేసిన మర్నాడు సాయంత్రం పెద్ద వాన పడింది. వేళ కాని వాన, గాలితో. తెల్లవారి ఆఫీసుకు పోయేసరికి గుమాస్తా టార్పాలిన్ల గది ముందు నిలబడి ఉన్నాడు. లోపల మడతలు పైదాకా అట్లాగే ఉన్నాయి.

‘ఆపా, ఈసారి రైతులు మస్తు అమీర్ అయిన్రా ఏంది? మబ్బు పట్టిన నాడు నా పాణం తింటుంటిరి. నిన్న నాకు మూడే చీటీలు వచ్చినయి.’

మూడే. అవి సున్నా నొక్కి నన్ను అడిగిన ముగ్గురివి. మిగతావాళ్ళకు నేను చీటీ రాయలేదు కాబట్టి చీటీలు లేవు. వాళ్ళు నన్ను అడగలేదు కాబట్టి నేను రాయలేదు. కానీ అంతమంది ఎందుకు అడగలేదు?

సాఫ్ట్‌వేర్ ఆయనకు ఫోను చేసి, రికార్డయిన మాటలు వినాలన్నాను. అవి ఎప్పుడూ ఉన్నాయి, ఎవరూ వినలేదు. గుమాస్తా నా పక్కన స్టూలు వేసుకున్నాడు. మొదటిది పెట్టాం. నా గొంతు, ‘బాగున్నరా, పసుపు పనులు ఎట్ల నడుస్తున్నయి?’ అంది. ఆగింది. ఒక రైతు, ‘నడుస్తున్నయి అక్కా, రెండు టార్పాలిన్లు పంపు’ అన్నాడు. నా గొంతు, ‘సరే, మంచిది, సంతోషం’ అంది. టక్కున ఫోను పెట్టేసిన చప్పుడు. ‘ఇది కంప్యూటరు మాట్లాడే…’ అని నా గొంతు ఖాళీ లైనుకు చెప్పుకుంటోంది.

రెండోది అంతే. మూడోది అంతే.

గుమాస్తా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

చాలామంది రైతులు మా ట్రాలీ రాకపోయేసరికి ఎవరి ఏర్పాటు వాళ్ళు చేసుకున్నారని తరవాత తెలిసింది. ఇరుగుపొరుగు కప్పారు. కంపెనీని నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయారు. కానీ ఆ రికార్డుల్లో ఒకామె ఉంది. జక్రాన్‌పల్లి దగ్గరి ఊరు. నన్ను ‘చెల్లె’ అనేది, నేను ‘అక్కా’ అనేదాన్ని. క్రితం ఏడు భర్త పోయాడు. ఈసారి పసుపు ఒక్కతే పెట్టింది. ఆడదానివి, నీతోని కాదు, చేను మాకు కౌలుకియ్యి అని మరిది పట్టుబట్టాడని, ఈ ఒక్క పంట చేసి చూపిస్తా, కాకపోతే అప్పుడిస్తా అని ఊరందరి ముందు అన్నానని నాకు క్రితం సీజను ఆఖరి ఫోన్లోనే చెప్పింది. ఆ పంట ఇప్పుడు కల్లంలో ఉంది.

ఆమె మాట్లాడింది మూడు వారాలదీ విన్నాను. మూడోది ఇట్లా ఉంది: ‘చెల్లె, మబ్బు పడుతుంది. మొన్న ఉడకబెట్టిన గద, మొత్తం పరిచి ఉంది. నాలుగు టార్పాలిన్లు పంపు. మా మరిది తెస్తనన్నడు గని వద్దన్న. మా ఆఫీసు నుంచి వస్తయన్న. పంపుతవు గద?’

‘సరే, మంచిది, సంతోషం’ అంది నా గొంతు.

నేను లేచాను. ‘ఎటు ఆపా?’ అన్నాడు గుమాస్తా. చెప్పాను. ఆయన పరుగెత్తి టార్పాలిన్లు నాలుగు ఆటోలో వేశాడు. వాన వెలిశాక ఇప్పుడెందుకని అనలేదు. నాకూ అనాలనిపించలేదు.

ఊళ్ళో ఆమె ఇల్లు అడుగుతూ పోయేసరికి ఎండ వచ్చింది. వాన పడ్డ మర్నాటి ఎండ ఎంత తెల్లగా ఉంటుందో. కల్లంలో ఆమె ఒక్కతే వంగి, తడిసిన కొమ్ములను చేత్తో పలచగా పరుస్తోంది. పచ్చి వాసన. ఒక పక్క కుప్పగా పోసినవి నల్లమచ్చలతో ఉన్నాయి. ఇంటి ముందు చీరలు, బొంతలు, బస్తాలు ఆరేసి ఉన్నాయి. టార్పాలిన్లు రాకపోతే ఇంట్లో ఉన్నవన్నీ కప్పింది.

‘ఎవలమ్మా మీరు?’

‘నేను అక్కా.’

అంతే అన్నాను. ఆమె నడుము పట్టుకుని నిటారుగా లేచింది. ‘ఓ చెల్లె! గింత బక్కగున్నవేంది? గొంతు చూసి లావు మనిషివనుకున్న గద!’ అని నవ్వింది. తరవాత ఆటోలోని మడతలు చూసింది. ‘నిన్న రాలె. పని మీద ఉంటివో, మర్చిపోతివో. నీకు మాత్రం ఒక్క ఊరా.’

నాకు దారి ఆమే ఇచ్చింది. అవునక్కా, మరిచిపోయాను అంటే సరిపోయేది. మనిషి మరిచిపోతుంది, తోటి మనిషి మన్నిస్తుంది. మిషను ఇట్లా చేసిందని కంపెనీలో నాకు, గుమాస్తాకు తప్ప ఇంకా ఎవరికీ తెలియదు. ఆ రికార్డులు కొన్నాళ్ళకు వాటంతటవే చెరిగిపోతాయట. నాలిక చివరిదాకా వచ్చింది ఆ మాట. దేవుడికి వినబడేటట్టు చదవమన్న మా నాన్న పుణ్యమా అని, బయటికి రాలేదు.

‘నేను మర్చిపోలేదక్కా. నీతో మాట్లాడింది నేను కాదు. మిషను.’

‘నీ గొంతు నాకు తెల్వదా?’

‘గొంతు నాదే. అందులో నేను లేను. కంప్యూటరుకు నా గొంతు నేర్పించిన్రు. నేనే ఒప్పుకున్న.’

ఆమె కాసేపు నా నోటి వైపు చూసింది. నేను మాట్లాడేటప్పుడు పెదవులు కదులుతున్నాయా అని చూసినట్టు చూసింది.

‘మూడుసార్లూనా?’

‘మూడుసార్లూ.’

‘మరి గన్ని ముచ్చట్లు చెప్పిన గద. ఎవలు విన్నరు?’

దీనికి ఏ వకీలూ జవాబు నేర్పలేదు. ‘అప్పుడు ఎవ్వరూ వినలేదు. ఈ పొద్దున నేను విన్న’ అన్నాను.

ఆమె మళ్ళీ వంగింది. కొమ్ములు పరుస్తూ, నా వైపు చూడకుండా అంది. ‘విన్ననంటున్నవు గద. ఏమడిగిన చెప్పు మరి.’

నేను చెప్పులు విడిచి కల్లంలో కూర్చున్నాను. చేతులకు పని కావాలి కాబట్టి నేనూ పరవడం మొదలుపెట్టాను. అడుగు కొమ్ములు ఇంకా వేడిగా, చెమ్మగా ఉన్నాయి.

‘మొదటిసారి బావ సంవత్సరీకం గురించి అడిగినవు. ఆయనకు చక్కెర బీమారి ఉండె గద, ఆ రోజు తీపి పెట్టొచ్చునా అని.’

‘ఆఁ. ఏమంటవు?’

‘పెట్టు అక్కా. ఇప్పుడు ఆయనకు ఏ బీమారీ లేదు.’

ఆమె చెయ్యి ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది, పసుపు అంటింది. ‘బూరెలంటే పాణం ఇస్తుండె. ఆఖరి నాలుగేండ్లు ఒక్కటి ముట్టనియ్యలె నేను. దొంగతనంగ తింటే తిట్టిన.’

‘రెండు ఎక్కువ పెట్టు.’

కాసేపటికి, ‘ఇంకోటి?’ అంది.

‘ఒక్కదానికి వండుకుంటే ఎన్ని బియ్యం పొయ్యాలె, రోజూ మిగులుతుంది అన్నవు.’

‘చెప్పు.’

‘నాకూ తెల్వదక్కా. పదిహేనేండ్లు దాటింది, నాకు ఇంకా మిగులుతనే ఉంది.’

అప్పుడు ఆమె నా వైపు తిరిగి చూసింది. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను చెప్పిన జవాబుల్లో అదొక్కటే ఏమీ తెలియని జవాబు. దానికే ఆమె దగ్గరికి జరిగి కూర్చుంది.

మూడో ప్రశ్నకు ఇద్దరం పోలేదు. గోడ అవతలి నుంచి మరిది తొంగి చూసి, ‘వచ్చినయా వదినా, మీ ఆఫీసు టార్పాలిన్లు?’ అన్నాడు. ఆమె తల తిప్పకుండానే, ‘వచ్చినయి. మనిషి గూడ వచ్చింది, చూడు’ అంది. సాయంత్రందాకా ఇద్దరం పరిచాం.

సేటుకు మొత్తం చెప్పాను. ఆయన మొదట విసుక్కున్నాడు. ‘మిషన్ సంతోషం అన్నదానికి నేను జిమ్మేదారా?’ అన్నాడు. వకీలమ్మకు ఫోను కలిపాం. మార్చిన సంగతి ఆమె మళ్ళీ ఒకసారి మొదటినుంచి చెప్పించుకుంది. తరవాత, ‘మీ పేరు మీద మీ నంబరు నుంచి వెళ్ళిన మాట మీదే. మిషను అందని తప్పించుకోలేరు. ఆమెకు మీరు సరేనన్నారు, అంతే’ అంది. నాతో మాత్రం మెల్లగా, ‘నాకు ఒక్క ఫోను చేసి ఉంటే బాగుండేదమ్మా’ అంది. నిజమే. ఫోన్లు చేయడమే నా ఉద్యోగం, చేయాల్సిన ఒక్క ఫోను చేయలేదు.

సేటు మంచివాడు. ఆమె పసుపు గోదాంకు తెప్పించి, నేల మీద ఆరబెట్టించి, మంచి సరుకు మంచి రేటుకే కొన్నాడు. కానీ నల్లబడ్డది నల్లబడ్డదే. ఇంచుమించు సగం. చెప్పిన మాట ప్రకారం, పోయిన పంట మేరకు, ఆమె సగం చేను మరిదికి కౌలుకు ఇచ్చింది. సగం ఉంచుకుంది.

నేను కాగితం మీద రాసిచ్చాను, నా గొంతు నాకు వెనక్కి కావాలని. రెండు వాక్యాలు. వకీలమ్మ అన్నట్టే సులువుగా అయిపోయింది. మిషనుకు ఎవరిదో కొత్త గొంతు పెట్టారు. ఇప్పుడది ఎత్తగానే యంత్రాన్నని చెబుతుంది, బాగున్నరా అని అడగదు, వాన సంగతి చెప్పి, టార్పాలిన్ కావాలంటే ఒకటి, మనిషి కావాలంటే సున్నా నొక్కమంటుంది. నిజం చెప్పాలి, బాగా పనిచేస్తుంది. మబ్బు పట్టిందంటే క్షణంలో ముప్ఫై ఊళ్ళకు తెలుస్తుంది. అన్ని చీటీలు నేను జన్మలో రాయలేను.

కాబట్టి పిల్లలూ, మిషను మీద నాకు కోపం లేదు. మీరు చేరే చోట మొదటి మాటను ఎవరైనా మర్యాద కోసమని వెనక్కి జరిపితే, అడ్డుపడండి. అది మర్యాద కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇంకొకటి. వినేవాళ్ళు లేనప్పుడు ‘బాగున్నరా’ అని అడిగించకండి. మా ఆయన కోసం క్యాసెట్లో వదిలిన ఖాళీల అవతల ఆయన ఉన్నాడు. ఆలస్యంగానైనా ఉన్నాడు.

నా వరకు జరిగింది ఇంకొకటుంది. నా గొంతు మిషనుదని ఊళ్ళన్నిటికీ తెలిసిపోయాక, నేను స్వయంగా ఫోను చేసినా జనం ఆగడం మానేశారు. ‘బాగున్నరా’ అనగానే, ‘అరే, గా మిషనే మళ్ళ’ అని పెట్టేసేవాళ్ళు. ఒకాయన, ‘నువ్వు మనిషివైతే దగ్గు’ అన్నాడు. నిజంగానే దగ్గాను. గుమాస్తా అది విని నవ్వలేదు. సీజను అయ్యాక సేటుకు చెప్పి ఇంటికి వచ్చేశాను. శాలువా కప్పి, సిద్ధులగుట్ట ప్రసాదం చేతిలో పెట్టి పంపారు. నా బల్ల మీది ఫోను ఎవరో తుడిచి పెట్టారు.

ఇంట్లో నా ఫోను మోగడం తక్కువ. రీచార్జి అయిపోతుందని చెప్పడానికి మోగుతుంది. అది కూడా మిషనే, పాపం ముందే చెబుతుంది.

మొన్న వానాకాలం మొదట్లో, పొద్దున పూజ అయ్యాక, తెలియని నంబరు నుంచి మోగింది. ఎత్తాను. అవతల ఎవరో గట్టిగా ఊపిరి తీసుకుంటున్నారు, ఫోను నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని.

‘చెల్లె, నేను. మనిషినే మాట్లాడుతున్న’ అంది ఆమె. ‘మా మరిది బిడ్డ నొక్కుడు నేర్పింది. ఈ సగంల గూడ పసుపే పెట్టిన. విత్తనం చాలలె, అంచులకు మక్కజొన్న ఏసిన. గుమాస్తను అడిగి నీ నంబర్ పట్టిన. ఇగో, మోకాలు ఒకటి గుంజుతుంది…’

అన్నీ చెప్పింది. నేను ఆపలేదు. పని మాట ఏమీ లేదు, చెప్పాల్సిన రేటూ లేదు. వింటూ ఉంటే నా వైపు చప్పుడు లేదని అనుమానం వచ్చినట్టుంది, మధ్యలో ఆగిపోయింది.

‘చెల్లె, ఉన్నవా?’

‘ఉన్న అక్కా. చెప్పు.’